విమానం మనల్ని చుట్టూ తిప్పట్లేదు: శాన్ ఫ్రాన్సిస్కో మెసేజ్‌కి జవాబు

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చింది, కె.ఆర్.పురం వినాయక చవితి కమిటీ గ్రూపులోకి వచ్చింది, ఆఖరికి కడపలో ఉన్న మా మేనమామ కూడా "ఇది నిజమేనారా?" అంటూ నాకే పంపాడు. పిల్లలు బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న తల్లిదండ్రులు దీన్ని నమ్మి టికెట్లు మార్చుకునే ఆలోచనలో పడ్డారు కాబట్టి జవాబు చెప్పక తప్పడం లేదు.

మెసేజ్ చదవని వాళ్ళ కోసం సారాంశం: బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి పటం మీద తిన్నటి దారి ఉన్నా విమానాన్ని ఉత్తర ధ్రువం వైపు వంకరగా తిప్పి నాలుగు వేల కిలోమీటర్లు పెంచుతున్నారట. భూమి తిరుగుతోంది కాబట్టి పడమరకి వెళ్తే సగం సమయం చాలట. మధ్యాహ్నం రెండింటికి ఎక్కినవాళ్ళు అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి దిగుతున్నారు కాబట్టి అసలు ప్రయాణం రెండున్నర గంటలేనట, తిరిగొచ్చేటప్పుడు రెండు రోజులు పట్టడం మోసమట. ధ్రువం మీదా హిమాలయాల మీదా విమానాలు ఎగరనే ఎగరవట. మధ్యలో ఆగే విమానాలకి దూరం రెట్టింపట, నాన్‌స్టాప్ టికెట్ ధర పచ్చి దోపిడీ అట. చివర్లో ఒక చిట్కా కూడా ఉంది: చెన్నై నుంచి ఎక్కితే 300 కిలోమీటర్లు ఆదా.

ధ్రువం వైపు తిప్పుతున్నారనీ, ధ్రువం మీద ఎగరనే ఎగరవనీ ఒకే మెసేజ్‌లో రాసిన మనిషికి దండం పెట్టాలి. సరే, ఒక్కొక్కటే చూద్దాం.

"పటం మీద తిన్నగా ఉన్న దారి వదిలేసి వంకరగా తిప్పుతున్నారు."

అసలు గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. బళ్ళో గోడకి వేలాడిన ప్రపంచ పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ గీసిన పటం. ఓడ నడిపేవాళ్ళకి దిక్కు తప్పకుండా ఉండాలని ఆయన దాన్ని తయారు చేశాడు, దూరాలు కొలవడానికి కాదు. భూమి గుండ్రం, కాగితం చదును. గుండ్రటిదాన్ని చదును చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి, ఆయన ధ్రువాల దగ్గర సాగదీశాడు. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది.

ఇప్పుడు మెసేజ్‌లో చూపించిన "తిన్నటి దారి" పొడవెంతో లెక్కేద్దాం. బెంగళూరు నుంచి పడమరకి, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పటం మీద స్కేలుతో గీసిన ఆ గీతని నేల మీద కొలిస్తే సుమారు 20,000 కిలోమీటర్లు వస్తుంది. భూమ్మీద ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా దగ్గరి దారి అంతకు మించి ఉండదు, ఎందుకంటే అది భూమి చుట్టుకొలతలో సగం. పోనీ తూర్పు వైపు, పసిఫిక్ మీదుగా స్కేలు పెట్టి గీసినా 16,100 దాకా వస్తుంది. అసలైన దగ్గరి దారి, అంటే గోళం మీద కొలిచిన దూరం, దాదాపు 14,000 కిలోమీటర్లు. అంటే మెసేజ్ రాసినాయన మన చేత ఆదా చేయిద్దామని ఆరు వేల కిలోమీటర్లు అదనంగా తిప్పుతున్నాడు.

నమ్మకపోతే పిల్లల గ్లోబు ఒకటి తీసుకోండి, కాస్త దారం తెచ్చుకోండి. దారం ఒక కొన బెంగళూరు మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొనని శాన్ ఫ్రాన్సిస్కో దాకా లాగి బిగించండి. వదులుగా ఉన్నప్పుడు ఎటుపడితే అటు పోతుంది. బిగించేసరికి దానంతటదే ఉత్తరానికి జారి ఒకచోట నిలబడుతుంది. ఆ దారం ఎటు పోతుందో చూస్తే మనవాళ్ళకి ముచ్చటేస్తుంది. దేవనహళ్ళి విమానాశ్రయం నుంచి ఉత్తరానికి, కొంచెం తూర్పుకి ఒరిగి, దాదాపు కదిరి మీదుగా, శ్రీశైలం పక్కనుంచి, వరంగల్ దగ్గరగా పోతుంది. అమెరికాకి దగ్గరి దారి రాయలసీమలో మొదలై తెలంగాణ దాటుతుందన్నమాట! అక్కడినుంచి నేపాల్, టిబెట్, మంగోలియా పడమటి కొస, సైబీరియా. ఆర్కిటిక్ ఒడ్డున సుమారు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, మళ్ళీ అలాస్కా మీదుగా దిగి, కెనడా పడమటి తీరం వెంబడి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుంది. ఇదే దారిని గోడ పటం మీద గీస్తే విల్లులా వంగి కనిపిస్తుంది. వంకర పటంలో ఉంది, దారిలో లేదు.

ఎందుకిలా అంటే, బెంగళూరు 77 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉంది, శాన్ ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర. రెండింటి మధ్య తేడా 160 డిగ్రీలు, అంటే దాదాపు భూమికి ఆ పక్కా ఈ పక్కా. ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్ళూ ఉత్తరార్ధగోళంలోనే ఉన్నప్పుడు పైనుంచి వెళ్ళడమే దగ్గర. దుబాయ్ సంగతి ఇంకా తమాషా. దుబాయ్‌కీ శాన్ ఫ్రాన్సిస్కోకీ తేడా దాదాపు 178 డిగ్రీలు, కాబట్టి ఆ రెండింటి మధ్య దగ్గరి దారి ధ్రువాన్ని ఇంచుమించు రాసుకుంటూ పోతుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దారం చూపించినట్టే విమానం వెళ్ళదు, చాలాసార్లు అంతకంటే ఎక్కువ దూరమే తిరుగుతుంది. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నాన్‌స్టాప్ నడిపినప్పుడు విమానం తిరిగిన దూరం 16,000 కిలోమీటర్లని వార్తల్లో వచ్చింది. దారం లెక్క కంటే రెండు వేలు ఎక్కువ. ఇది బిల్లు పెంచడానికి చేసింది కాదు. ఎదురుగాలిని తప్పించుకోవాలి, మూసేసిన గగనతలాన్ని తప్పించుకోవాలి, ఏదైనా అయితే దిగడానికి రన్‌వే అందుబాటులో ఉండాలి. ఇంధనం కొనేది కంపెనీయే కదా. నాలుగు వేల కిలోమీటర్లు ఊరికే తిరిగి తన డబ్బు తనే కాల్చుకునే వ్యాపారి ఎక్కడున్నాడో నాకైతే తెలీదు.

గగనతలం మూస్తే ఏమవుతుందో చూడాలంటే ఫిన్లాండ్ వాళ్ళని చూడాలి. 2022లో రష్యా తన ఆకాశాన్ని యూరప్ కంపెనీలకి మూసేశాక, తొమ్మిది గంటల్లో అయ్యే హెల్సింకి–టోక్యో ప్రయాణం పదమూడు గంటలకి చేరింది. ఊళ్ళు కదల్లేదు, దూరం మారలేదు, గడియారం మాత్రం నాలుగు గంటలు ఎక్కువ తిరిగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళేవాళ్ళు ఇదే అనుభవించారు.

"భూమి తిరుగుతోంది కాబట్టి పడమరకి వెళ్తే సగం సమయం చాలు."

హెలికాప్టర్ గాల్లో ఆగి నిలబడితే కింద అమెరికా వచ్చేస్తుందనే పాత జోకు ఇది. బెంగళూరు దగ్గర నేల గంటకి సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది, నిజమే. కానీ రన్‌వే మీద నిలబడ్డ విమానమూ, దాని చుట్టూ ఉన్న గాలీ, విమానంలో సీటు బెల్టు పెట్టుకున్న మనమూ కూడా అదే వేగంతో తిరుగుతున్నాం. కదిలే రైల్లో పల్లీ గింజ పైకి ఎగరేస్తే మళ్ళీ మన చేతిలోనే పడుతుంది కానీ వెనక బోగీలోకి పోదు కదా.

తూర్పుకీ పడమరకీ ప్రయాణ సమయంలో తేడా ఉన్నమాట నిజమే, అయితే అది మెసేజ్ చెప్పిన దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే బలమైన గాలులున్నాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వీటి వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అందుకే లండన్ నుంచి బెంగళూరు రావడం, ఇక్కడినుంచి లండన్ వెళ్ళడం కంటే సుమారు గంట తక్కువ. తూర్పుకి వెళ్ళేవాడిని గాలి తోస్తుంది, పడమరకి వెళ్ళేవాడిని ఆపుతుంది. అమెరికా వెళ్ళేటప్పుడు కొన్ని రోజులు పైలట్లు ఉత్తరానికి ఎక్కకుండా జపాన్ వైపు నుంచి పసిఫిక్ మీదుగా పోవడానికీ ఇదే కారణం. దూరం పెరిగినా టైమ్ తగ్గుతుంది.

"రెండింటికి ఎక్కి నాలుగున్నరకి దిగుతున్నాం, అంటే రెండున్నర గంటలే."

దీనికి నవ్వాలో ఏడవాలో తెలీదు గానీ, పెద్దవాళ్ళు ఎక్కువగా గందరగోళపడేది ఇక్కడే. టికెట్ మీద ఎక్కే టైమ్ బెంగళూరుది, దిగే టైమ్ అక్కడిది. చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చిలో వాళ్ళు గడియారం ముందుకి జరుపుకున్నాక నవంబరు దాకా పన్నెండున్నర. జనవరిలో ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి ఎక్కారనుకోండి, అప్పుడు అక్కడ అదే తేదీ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. పదహారు గంటలు ఎగిరితే అక్కడ సాయంత్రం నాలుగున్నర. మధ్యలో రెండు మూడు భోజనాలు, నాలుగు సినిమాలు, నలభైసార్లు "ఇంకెంతసేపు" అనుకోవడం అన్నీ జరిగాయి, తేదీ మాత్రం మారలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. పైన చెప్పిన మొదటి నాన్‌స్టాప్ శనివారం రాత్రి అక్కడ బయల్దేరి, సోమవారం తెల్లవారకముందే ఇక్కడ దిగింది. ప్రయాణం పదిహేడు గంటలే. ఆదివారాన్ని ఎవరూ కాజెయ్యలేదు, వెళ్ళేటప్పుడు మిగిలిన పదమూడున్నర గంటలు ఇక్కడ తిరిగి జమ చేశాం, అంతే. టికెట్‌లో డ్యురేషన్ అని వేరే గడి ఉంటుంది. ప్రయాణం ఎంతసేపో తెలుసుకోవాలంటే అది ఒక్కటి చూస్తే చాలు. దిగే టైమ్ పక్కన చిన్నగా "+1" లేదా "+2" ఉంటే తేదీ అన్ని రోజులు ముందుకి జరిగినట్టు. ఎయిర్‌పోర్టుకి కారు పంపేవాళ్ళు దీన్ని చూసుకోక ఒకరోజు ముందే పంపిస్తుంటారు.

గంటకి 900 కిలోమీటర్ల చొప్పున 14,000ని భాగిస్తే పదిహేనున్నర వస్తోంది, మరి పదహారు పదిహేడు ఎందుకు వేస్తున్నారని అడిగేవాళ్ళూ ఉన్నారు. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటు దాకా లెక్క. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, వంతు కోసం ఆగడం, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదించడం, గాలులు, దారి మళ్ళింపులు అన్నీ అందులో కలిసే ఉంటాయి. దీనిమీద ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి దేవనహళ్ళికి కిలోమీటర్లని వేగంతో భాగించి బయల్దేరి, హెబ్బాళ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని టెన్షన్ పడినవాళ్ళకి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"ధ్రువం మీద, హిమాలయాల మీద విమానాలు ఎగరవు."

1998లో క్యాథే పసిఫిక్ న్యూయార్క్ నుంచి హాంకాంగ్‌కి ధ్రువం మీదుగా ఆగకుండా వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక రష్యా ఆకాశం తెరుచుకోవడంతో ఈ దారులు వాడుకలోకి వచ్చాయి. మన కంపెనీల్లో మొదట 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ధ్రువ ప్రాంతం మీదుగా వెళ్ళింది. ఇక 2021 నాటి బెంగళూరు విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారె, శివానీ మన్హాస్. రెండో పేరు చూడగానే మా గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. ఇప్పుడు ఈ మెసేజ్‌ని ఫార్వర్డ్ చేస్తున్నదీ వాళ్ళే!

ఎగరగలగడం వేరు, తేలిగ్గా ఎగరడం వేరు. ధ్రువం దగ్గర అయస్కాంత దిక్సూచిని నమ్మలేం, విమానంలోని ఇతర పరికరాలతో దిక్కు చూసుకుంటారు. విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, కాబట్టి ట్యాంకుల్లో ఉష్ణోగ్రతని కనిపెట్టుకుని ఉండాలి. సూర్యుడి మీద తుఫాను రేగితే రేడియో సంకేతాలు దెబ్బతింటాయి, ఆరోజు దారి మార్చేస్తారు. మంచు ఎడారిలో దిగాల్సి వస్తే బయటికెళ్ళి పని చూసుకునేందుకు, అమెరికా నిబంధనల ప్రకారం చలిని తట్టుకునే సూట్లు కనీసం రెండు విమానంలో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ ఇబ్బంది పెడితే ఎక్కడ దిగాలనేది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777లో ఒక ఇంజిన్‌లో సమస్య వచ్చింది. విమానం రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఊళ్ళో అంతమందికి హోటళ్ళు లేక కొందరిని స్కూల్లో పడుకోబెట్టారు. వాళ్ళని తీసుకెళ్ళడానికి మరో విమానం వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఇబ్బంది పడ్డారు, కానీ అందరూ క్షేమంగా దిగారు. పైలట్ ముందే గుర్తుపెట్టుకున్న రన్‌వే అక్కడ ఉండబట్టే దిగారు. దారం చూపించిన దారిని వదిలి విమానం కాస్త పక్కకి జరగడం వెనక ఇలాంటి రన్‌వేల జాబితా ఉంటుంది. దీన్ని "వంకర" అంటే నేనొప్పుకోను.

హిమాలయాల విషయంలో మెసేజ్‌కి సగం మార్కులు వెయ్యొచ్చు. కొండల పైన ఎగరలేక కాదు, ఎవరెస్ట్ తొమ్మిది కిలోమీటర్ల లోపే, విమానం పది పదకొండు కిలోమీటర్ల మీద పోతుంది. చిక్కంతా క్యాబిన్‌లో గాలి పీడనం పోతే వస్తుంది. అప్పుడు పైనుంచి మాస్కులు పడతాయి, మామూలుగా వాటిలో ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూ వస్తుంది. ఆలోగా విమానం మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగిపోవాలి. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే చాలా కంపెనీలు ఆ పీఠభూమిని తప్పించుకుంటాయి, వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకునే దారులు ముందే రాసిపెట్టుకుని వెళ్తారు.

"మధ్యలో ఆగితే దూరం రెట్టింపు, నాన్‌స్టాప్ ధర దోపిడీ."

మొదటి సగం లెక్కతో తేలిపోతుంది. టోక్యోలో మారితే మొత్తం సుమారు 14,900 కిలోమీటర్లు. దుబాయ్‌లో మారితే 15,700. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 16,500. నాన్‌స్టాప్ 14,000తో పోల్చితే పెరిగేది వందకి ఆరు నుంచి పద్దెనిమిది వంతులు, రెట్టింపు ఎక్కడ? టోక్యో ఇంత తక్కువ పెరగడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. కనెక్టింగ్ ఫ్లైట్‌లో టైమ్ పెరిగేది దూరం వల్ల కాదు, మధ్యలో కూర్చునే గంటల వల్ల.

ధర విషయం కొంచెం మెలికగా ఉంటుంది. దూరం తక్కువైతే ఇంధనం తక్కువే కదా అనిపిస్తుంది. కానీ పదహారు గంటలకి సరిపడా ఇంధనం బయల్దేరేటప్పుడే మొయ్యాలి. ఆ మొదటి సర్వీసుకి వాడిన బోయింగ్ 777-200 ఎల్ఆర్ ట్యాంకులు నిండితే లక్షా ఎనభై వేల లీటర్ల పైమాట, బరువులో దాదాపు 145 టన్నులు. విమానం గరిష్ఠంగా ఎగరగలిగే బరువు 347 టన్నులు. అంటే అయిదింట రెండు వంతులు ఇంధనమే! మొదటి గంటల్లో ఖర్చయ్యే ఇంధనంలో మంచి భాగం, చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే పోతుంది. పైగా దేవనహళ్ళి రన్‌వే సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి కాస్త పలచన, నిండు బరువుతో లేవడం కష్టమే. కాబట్టి ఎక్కువ ధరలో కొంత న్యాయం ఉంది. మిగతాది గిరాకీ. ఒంటరిగా వెళ్ళే అమ్మకి మధ్యలో గేటు వెతుక్కునే బాధ ఉండకూడదని పిల్లలు ఎంతైనా పెడతారని కంపెనీకి తెలుసు. అది వ్యాపారం, దాన్ని తిట్టుకోండి, నేనూ తిడతాను. కానీ దానికి భూగోళాన్ని మార్చక్కర్లేదు.

నన్నడిగితే ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి నాన్‌స్టాప్, మోకాళ్ళ నొప్పులతో పదహారు గంటలు కూర్చోలేనివాళ్ళకి మధ్యలో ఆగేది. నాన్‌స్టాప్ ఉందో లేదో మాత్రం టికెట్ తీసే రోజున చూసుకోవాలి. ఇదే బెంగళూరు సర్వీసు మొదలయ్యాక ఒకసారి ఆగిపోయి, 2022 డిసెంబరులో మళ్ళీ మొదలైంది.

"చెన్నై నుంచి ఎక్కితే 300 కిలోమీటర్లు ఆదా."

రెండు విమానాశ్రయాల మధ్య గాలి దూరమే సుమారు 270 కిలోమీటర్లు, 300 ఎలా ఆదా అవుతుంది? పైగా చెన్నై మనకి తూర్పున ఉంది, అమెరికా దారేమో ఉత్తరానికి పోతుంది. అటు జరిగినంత మాత్రాన పెద్దగా కలిసిరాదు. చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి గోళం మీద 13,915 కిలోమీటర్లు, అంటే తగ్గేది 75, విమానానికి అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల కోసం రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బాతో హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా ఆరు గంటలు కారులో కూర్చుంటామంటే నాకు అభ్యంతరం లేదు. మా మేనమామకి మాత్రం వద్దని చెప్పేశాను.